పక్క టవర్‌ని అడిగితే సరిపోదా? చిన్న సెల్స్‌లో క్యాష్ కథ

ఈ ఎపిసోడ్ కొంచెం టెక్నికల్‌గా ఉంటుంది, కానీ భయపడకండి. మధ్యలో ఒకట్రెండు లెక్కలు వస్తాయి, అవి కూడా కూరగాయల బజారు లెక్కలే.

ముందు ఒక ప్రశ్న. పెద్ద హీరో సినిమా ట్రైలర్ సాయంత్రం ఆరింటికి రిలీజ్ అయింది అనుకోండి. అమీర్‌పేటలో ఒక హాస్టళ్ళ వీధి. వెయ్యి మంది స్టూడెంట్స్, వెయ్యి ఫోన్లు, అందరూ చూసేది అదే ట్రైలర్. మరి నెట్‌వర్క్ లోపల ఏం జరుగుతుంది? ఎక్కడో ఉన్న సర్వర్ నుంచి ఆ వీధి చివర టవర్ దాకా అదే ట్రైలర్ వెయ్యి సార్లు వస్తుంది. సరుకు ఒకటే, దారి ఒకటే, ట్రిప్పులు మాత్రం వెయ్యి.

"ఒక్కసారి తెచ్చి టవర్ దగ్గరే పెట్టుకోవచ్చు కదా?" అని మీకు అనిపించిందా? ఇంజినీర్లకూ అనిపించింది. వాళ్ళు ఇంకో అడుగు ముందుకెళ్ళారు: ఈ టవర్ దగ్గర లేకపోతే పక్క టవర్‌ని అడగొచ్చు కదా? ఇలా పక్కపక్క పెట్టెలు కలిసి సరుకు దాచుకుని, ఒకరిది ఒకరు వాడుకోవడాన్ని కోఆపరేటివ్ క్యాషింగ్ అంటారు. దీని లెక్కలు చాలావరకు పదేళ్ళ క్రితమే తేలిపోయాయి. అయినా మన వీధి స్తంభం మీద పెట్టెలో ఆ ట్రైలర్ దొరకదు. ఎందుకు దొరకదో చెప్పాలంటే అరవై ఏళ్ళ వెనక్కి వెళ్ళాలి.

బానిస మెమరీ

ముందుగా, ఇది నగదు క్యాష్ కాదు. దాచడం అనే అర్థం ఉన్న ఫ్రెంచ్ మాట నుంచి వచ్చిన క్యాష్. బీటెక్‌లో కంప్యూటర్ ఆర్కిటెక్చర్ చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. నాకైతే అది పరీక్షలో కచ్చితంగా వచ్చే ప్రశ్నగా మాత్రమే తెలుసు. ఉద్యోగంలో చేరి బ్యాకెండ్ కోడ్ రాయడం మొదలుపెట్టాకే దాని విలువ అర్థమైంది.

1965లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీకి చెందిన మారిస్ విల్క్స్ ఒక చిన్న పేపర్ రాశారు. పెద్ద మెమరీ నెమ్మదిగా పనిచేస్తుంది, వేగంగా పనిచేసే మెమరీ ఖరీదెక్కువ. అందుకని వేగమైనది కొంచెం తెచ్చి ప్రాసెసర్ పక్కన పెట్టి, ఇటీవల వాడినవి అందులో ఉంచుదాం అన్నారు. దానికి ఆయన పెట్టిన పేరు "స్లేవ్ మెమరీ", అంటే బానిస మెమరీ. 1968లో ఐబీఎం తన సిస్టమ్ 360 మోడల్ 85 కంప్యూటర్‌లో ఈ ఆలోచనను అమ్మకానికి తెచ్చింది. ఆ ఏడాది ఐబీఎం జర్నల్‌లో వచ్చిన వ్యాసంతో "క్యాష్" అనే పేరు స్థిరపడింది. దాని సైజు 16 కిలోబైట్లు. ఈరోజు వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో కూడా అందులో పట్టదు.

చోటు తక్కువైనప్పుడు ఒక గొడవ తప్పదు. కొత్తది పెట్టాలంటే పాతది ఏదో తీసేయాలి. ఏది తీయాలి? ఐబీఎంలోనే పనిచేసిన లాస్లో బెలాడీ 1966లో దీనికి సరైన జవాబు చెప్పారు: అన్నిటికన్నా ఆలస్యంగా మళ్ళీ అవసరమయ్యేదాన్ని తీసేయాలి. చిక్కేంటంటే, అలా చేయాలంటే భవిష్యత్తు తెలియాలి. కాబట్టి అప్పటి నుంచి ఇప్పటిదాకా క్యాషింగ్ అంటే భవిష్యత్తును ఊహించే పనే. జనం రేపు ఏం అడుగుతారు? అరవై ఏళ్ళుగా ప్రశ్న అదే.

అమ్మానాన్నలు, అక్కాతమ్ముళ్ళు

ఇప్పుడు 1990ల్లోకి వద్దాం. వెబ్ పుట్టింది స్విట్జర్లాండ్‌లోని సెర్న్ ల్యాబ్‌లో. 1994 నాటికే అక్కడి సర్వర్ సాఫ్ట్‌వేర్‌కి మధ్యవర్తిలా పనిచేసే ప్రాక్సీ, దాంట్లో క్యాష్ వచ్చేశాయి. కారణం సింపుల్. అప్పట్లో సముద్రాలు దాటే లైన్లు సన్నగా, ఖరీదుగా ఉండేవి. ఒక యూనివర్సిటీలో వంద మంది అదే అమెరికన్ పేజీ తెరిస్తే వంద సార్లు సముద్రం దాటించడం ఎందుకు?

అదే సమయంలో అమెరికాలోని కొలరాడో, సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీల వాళ్ళు హార్వెస్ట్ అనే ప్రాజెక్టులో ఇంకో మెట్టు ఎక్కారు. క్యాష్‌లను ఒంటరిగా వదలకుండా ఒక కుటుంబంలా కట్టారు. పైన ఉన్నది పేరెంట్, పక్కన ఉన్నది సిబ్లింగ్. ఇవి నేను పెట్టిన పేర్లు కావు, నిజంగా అందులో వాడిన మాటలే. నా దగ్గర పేజీ లేకపోతే ముందు తోబుట్టువులను అడుగుతా, "మీ దగ్గర ఉందా?" అని. ఎవరి దగ్గరా లేకపోతే అమ్మానాన్నలకు చెప్తా, వాళ్ళు బయట నుంచి తెచ్చిపెడతారు. ఈ పలకరింపుల భాషకి ఐసీపీ అని పేరు పెట్టి 1997లో పత్రంగా ప్రచురించారు. హార్వెస్ట్ నుంచి పుట్టిన స్క్విడ్ అనే సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ బతికే ఉంది. చాలా కాలేజీ ల్యాబుల్లో కొన్ని సైట్లు ఓపెన్ కాకపోవడానికి కారణం కూడా అదే, మీకు తెలియకుండానే దాన్ని కలిసి ఉంటారు.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అని మన సామెత ఉంది కదా. కోఆపరేటివ్ క్యాషింగ్ పుట్టింది ఆ పని తప్పించడానికే. పక్కింట్లో ఉన్నదాని కోసం సముద్రం దాటొద్దు.

కానీ ప్రతి చిన్నదానికీ పక్కింటి తలుపు కొడితే వాళ్ళకి విసుగు రాదా? వచ్చింది. ప్రశ్నలే పెద్ద ట్రాఫిక్ అయిపోయాయి. 1998లో లీ ఫాన్, పే కావో, జుసారా అల్మైదా, ఆండ్రే బ్రోడర్ దీనికి ఒక ఉపాయం చెప్పారు. ప్రతి క్యాష్ తన దగ్గర ఉన్నవాటి చిన్న సారాంశం తయారుచేసి పక్కవాళ్ళకి ముందే ఇచ్చేస్తుంది. 1970లో బర్టన్ బ్లూమ్ కనిపెట్టిన బ్లూమ్ ఫిల్టర్‌తో ఆ సారాంశం రాస్తారు. అది "లేదు" అంటే కచ్చితంగా లేదు. "ఉంది" అంటే ఉండొచ్చు, అప్పుడప్పుడు తప్పవుతుంది. మన కిరాణా కొట్టు అబ్బాయి లోపలికి వెళ్ళి చూడకుండానే "ఉండాలి సార్, రండి" అంటాడు చూడండి, అలాంటిది. అప్పుడప్పుడు ఉత్త నడక తప్పదు, కానీ రోజంతా ఫోన్లు చేసి అడిగే బాధ తప్పుతుంది.

1999లో వచ్చిన తీర్పు

1999లో ఈ కథలో రెండు ముఖ్యమైన పేపర్లు వచ్చాయి.

మొదటిదాంట్లో లీ బ్రెస్లావ్, పే కావో బృందం జనం అడిగే పేజీల లెక్క తీశారు. అది జిఫ్ సూత్రానికి దగ్గరగా ఉందని తేలింది. జార్జ్ జిఫ్ అనే భాషా పండితుడు పుస్తకాల్లో మాటలను లెక్కపెట్టినప్పుడు బయటపడిన సూత్రం ఇది. ఎక్కువసార్లు వచ్చే మాటలు కొన్నే, అరుదుగా వచ్చేవి కోకొల్లలు. వెబ్ పేజీలూ అంతే. పైన కొన్ని పెద్ద హిట్లు, వెనక అంతులేని తోక. కాబట్టి చిన్న క్యాష్ కూడా బాగానే ఉపయోగపడుతుంది. కానీ దాన్ని పెద్దది చేస్తూ పోతే లాభం పెరిగే వేగం మందగిస్తుంది. తోకని మొత్తం దాచడం ఎవరి వల్లా కాదు.

రెండోది వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళది. తమ క్యాంపస్ ట్రాఫిక్, మైక్రోసాఫ్ట్ కంపెనీ ట్రాఫిక్ రెండూ తీసుకుని పరిశీలించారు: క్యాష్‌లు ఒకదానికొకటి సాయం చేసుకుంటే నిజంగా ఎంత లాభం? చిన్న గుంపులు కలిస్తే లాభం ఉంది. కానీ గుంపు ఒక సైజు దాటాక ఇంకా ఇంకా కలుపుతూ పోతే వచ్చేది పెద్దగా ఏమీ లేదు. పెద్ద గుంపుకి కావాల్సిన హిట్ పేజీలు వాళ్ళ సొంత క్యాష్‌లోనే ఉంటాయి కదా, పక్కవాళ్ళని అడిగేది ఏముంది?

ఈ తీర్పు గుర్తుపెట్టుకోండి. చిన్న గుంపులకి సాయం కావాలి, పెద్ద గుంపులకి అక్కర్లేదు. పన్నెండేళ్ళ తర్వాత ఇదే ఫలితం ఇంకో వైపు నుంచి మన దగ్గరికి వస్తుంది.

ఈలోపు వెబ్ వేరే దారి పట్టింది. ఎంఐటీలో టామ్ లైటన్, ఆయన విద్యార్థి డానీ లూయిన్, ఇంకొందరు కలిసి 1997లో కన్సిస్టెంట్ హ్యాషింగ్ అనే పద్ధతి ప్రచురించారు. సర్వర్లనూ ఫైళ్ళనూ ఒక గుండ్రటి వలయం మీద కూర్చోబెడతారు. ఏ ఫైల్ ఎవరి దగ్గర ఉండాలో లెక్కే చెప్పేస్తుంది, ఎవరినీ అడగక్కర్లేదు. ఒక సర్వర్ పాడైతే దాని ఫైళ్ళు మాత్రమే చోటు మారతాయి, మిగతావి కదలవు. ఈ ఆలోచన మీదే 1998లో అకమై కంపెనీ మొదలైంది. 2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్ ట్రేడ్ సెంటర్‌ని ఢీకొన్న మొదటి విమానంలో డానీ లూయిన్ ఉన్నారు. ఆయన వయసు 31. ఆ రోజు ప్రపంచమంతా ఒక్కసారిగా వార్తల సైట్లు తెరిచింది. ఆ ఒత్తిడిని మోసిన వాటిలో అకమై సర్వర్లు కూడా ఉన్నాయి.

ఇక్కడ ఒక చిన్న మార్పు చూడండి. హార్వెస్ట్, స్క్విడ్ కాలంలో క్యాష్ చదివేవాళ్ళది. మన కాలేజీ, మన ప్రొవైడర్ పెట్టుకునేది. అకమైతో క్యాష్ సైట్ యజమాని డబ్బు కట్టి పెట్టించుకునేదిగా మారింది. పెట్టె అదే, యజమాని మారాడు. ఈ మార్పు ఎంత పెద్దదో తర్వాత తెలుస్తుంది.

టవర్ ఎందుకు చిన్నదైంది

ఇప్పుడు ఫోన్ల వైపు వద్దాం. 1947లో బెల్ ల్యాబ్స్ ఇంజినీర్ డగ్లస్ రింగ్ ఒక అంతర్గత నోట్ రాశారు. ఊరంతటికీ ఒక్క పెద్ద టవర్ పెట్టకుండా, ఊరిని చిన్న చిన్న గదులుగా విడదీసి ప్రతి గదికీ ఒక చిన్న టవర్ పెడితే, అవే ఫ్రీక్వెన్సీలను దూరంగా ఉన్న గదుల్లో మళ్ళీ వాడుకోవచ్చు. ఆ గదే సెల్. మన సెల్‌ఫోన్‌లో సెల్ అదే. ఈ ఆలోచన జనం చేతికి రావడానికి మూడు దశాబ్దాలు పట్టింది: 1979లో టోక్యో, 1983లో షికాగో.

1973లో చేతిలో పట్టుకునే సెల్‌ఫోన్ నుంచి మొదటి కాల్ చేసిన మార్టిన్ కూపర్ పేరు మీద ఒక లెక్క ప్రచారంలో ఉంది. 1957 నుంచి వైర్‌లెస్ సామర్థ్యం దాదాపు పది లక్షల రెట్లు పెరిగింది. అందులో కొత్త స్పెక్ట్రమ్ వల్ల వచ్చింది 25 రెట్లు. స్పెక్ట్రమ్‌ని సన్నగా చీల్చడం వల్ల 5, మెరుగైన మాడ్యులేషన్ వల్ల 5. సెల్స్‌ని చిన్నవి చేయడం వల్ల 1,600. గుణించి చూడండి, సరిగ్గా పది లక్షలు. అంటే ఈ రంగంలో అసలు హీరో కొత్త టెక్నాలజీ కన్నా టవర్‌ని మనకి దగ్గరగా తేవడమే.

అందుకే 2000ల చివర్లో ఇంట్లో రూటర్ సైజు బేస్ స్టేషన్లు వచ్చాయి. వాటిని ఫెమ్టోసెల్స్ అన్నారు. కొంచెం పెద్దవి స్తంభాల మీదకీ మాల్స్‌లోకీ వచ్చాయి. అన్నిటినీ కలిపి స్మాల్ సెల్స్ అంటున్నాం.

గాలిలో ఇరుకు తగ్గింది. మరి తీగ సంగతి? ప్రతి చిన్న పెట్టెకీ వెనక నుంచి డేటా తెచ్చే లైన్ కావాలి. దాన్ని బ్యాక్‌హాల్ అంటారు. వంద పెట్టెలు పెడితే వంద లైన్లు. ప్రతి స్తంభానికీ ఫైబర్ లాగాలంటే రోడ్లు తవ్వాలి, పర్మిషన్లు కావాలి, ఖర్చు తడిసి మోపెడవుతుంది. మన దేశంలో పెద్ద టవర్లలోనే చాలావాటికి ఫైబర్ లేదు, మైక్రోవేవ్ డిష్‌ల మీద నెట్టుకొస్తున్నాయి. ఇక స్తంభం మీద పెట్టె సంగతి చెప్పేదేముంది. ముందు గేటు వెడల్పు చేసి, వెనక సందు ఇరుగ్గా వదిలేసినట్టయింది.

హార్డ్ డిస్క్ ఉంటే తీగ ఎందుకు?

2011లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి ఒక పేపర్ బయటికొచ్చింది, 2012లో ఇన్ఫోకామ్ సదస్సులో చదివారు. రచయితలు నెగిన్ గోల్‌రెజాయి, కార్తికేయన్ షణ్ముగం, అలెక్స్ డిమాకిస్, ఆండ్రియాస్ మోలిష్, జుసెప్పె కైరె. పేరు ఫెమ్టోక్యాషింగ్. వాళ్ళ మాట సూటిగా ఉంది: మెమరీ చౌక, తీగ ఖరీదు. కాబట్టి చిన్న పెట్టెకి సన్నటి లైన్ ఇచ్చి, దాంట్లో పెద్ద డిస్క్ పెట్టండి. రద్దీ లేనప్పుడు నెమ్మదిగా నింపండి, రద్దీలో పంచండి.

అసలు అందం దీని తర్వాత ఉంది. పెట్టెలు దగ్గరదగ్గరగా ఉంటే ఒక ఫోన్‌కి రెండు మూడు పెట్టెల సిగ్నల్ అందుతుంది. అప్పుడు అన్నిటిలోనూ అదే హిట్ వీడియో పెట్టాలా, వేరువేరువి పెట్టాలా?

లెక్క చూద్దాం. రెండు పెట్టెలు, ఒక్కోదాంట్లో ఒక్క వీడియోకే చోటు. వంద మంది జనం. 60 శాతానికి మొదటి వీడియో కావాలి, 40 శాతానికి రెండోది. 20 మందికి ఎడమ పెట్టె మాత్రమే అందుతుంది, 20 మందికి కుడి పెట్టె మాత్రమే, మధ్యలో ఉన్న 60 మందికి రెండూ. రెండింట్లోనూ మొదటి వీడియోనే పెడితే 60 మందికి దగ్గర్లోనే దొరుకుతుంది. ఎడమలో మొదటిది, కుడిలో రెండోది పెడితే? ఎడమ వైపు 12 మంది, కుడి వైపు 8 మంది, మధ్యలో 60కి 60 మంది. మొత్తం 80.

ఇప్పుడు పెట్టెల్ని దూరం జరుపుదాం. మధ్యలో 10 మందే, అటు 45, ఇటు 45. రెండింట్లో ఒకటే పెడితే మళ్ళీ 60. వేరువేరు పెడితే 27, 18, 10 కలిపి 55. జవాబు తిరగబడింది! అంటే ఏది పెట్టాలన్నది వీడియోకి ఎంత పేరుందనే దాని మీదే ఆధారపడదు. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఏ పెట్టె ఎవరికి అందుతుంది అన్నదాని మీద కూడా ఉంటుంది.

వందల పెట్టెలు, వేల వీడియోలు ఉంటే అన్నిటికన్నా మంచి అమరిక వెతకడం ఎన్‌పీ-హార్డ్ అని వాళ్ళు నిరూపించారు. అంటే పెద్ద సైజుల్లో కచ్చితమైన జవాబు త్వరగా తెచ్చే దారి ఎవరికీ తెలియదు. కానీ ఒక ఊరట కూడా చూపించారు. ప్రతి అడుగులో ఎక్కువ లాభం ఇచ్చే వీడియోని ఎక్కువ లాభం ఇచ్చే పెట్టెలో పెట్టుకుంటూ పోండి. ఈ అత్యాశ పద్ధతికి వచ్చే లాభం, అత్యుత్తమ లాభంలో సగానికి ఎప్పుడూ తగ్గదు.

తర్వాతి ఏళ్ళలో దీన్ని చాలామంది ముందుకు తీసుకెళ్ళారు. జెంగ్ చెన్, జెమిన్ లీ, టోనీ క్వెక్, మారియోస్ కుంటూరిస్ పక్కపక్కన ఉన్న చిన్న సెల్స్‌ని ఒక గుంపుగా తీసుకున్నారు. ప్రతి పెట్టెలో చోటుని రెండు భాగాలు చేద్దాం అన్నారు. ఒక భాగంలో అందరికీ కావాల్సిన టాప్ వీడియోలు, అన్ని పెట్టెల్లోనూ అవే. రెండో భాగంలో మిగతావాటిని పెట్టెలు పంచుకుంటాయి, నాది నీ దగ్గర ఉండదు, నీది నా దగ్గర ఉండదు. హాస్టల్ రూమ్‌లో ముగ్గురూ ఎవరి పెన్ను వాళ్ళే తెచ్చుకుంటారు. గైడ్లు మాత్రం ఒక్కొక్కరు ఒక్కో సబ్జెక్టుది కొని పంచుకుంటారు. ఆ తెలివే ఇది.

2012లోనే బెల్ ల్యాబ్స్ నుంచి మొహమ్మద్ అలీ మద్దా-అలీ, ఉర్స్ నీసెన్ ఇంకో విచిత్రం చూపించారు, దాని పేరు కోడెడ్ క్యాషింగ్. నేను మీకు "మొత్తం 12" అని చెప్పా అనుకోండి. మీకు 5 తెలుసు, కాబట్టి మీకు 7 దొరికింది. మీ ఫ్రెండ్‌కి 7 తెలుసు, తనకి 5 దొరికింది. నేను చెప్పింది ఒక్క అంకె, ఇద్దరికీ చెరొక కొత్త సంగతి. సినిమా ముక్కలతో సరిగ్గా ఇదే చేయొచ్చు. ఇద్దరి ఫోన్లలో ముందే రెండు సినిమాల వేరువేరు సగాలు దాచి ఉంచితే, తర్వాత ఇద్దరూ వేరువేరు సినిమాలు అడిగినా, సగం సినిమా అంత డేటా ఒక్కసారి గాల్లోకి పంపితే ఇద్దరి అవసరమూ తీరుతుంది. మొదటిసారి చదివినప్పుడు నేను కాగితం మీద మూడుసార్లు వేసి చూసుకున్నా, నిజమే.

1999 నాటి తీర్పు గుర్తుందా? చిన్న గుంపులకే సాయం కావాలని. చిన్న సెల్ అంటేనే చిన్న గుంపు, ఒక పెట్టె కింద పదుల సంఖ్యలో జనం. వెబ్ ప్రపంచం అంతగా అక్కర్లేదని పక్కన పెట్టిన ఆలోచనకి ఇక్కడ సరైన ఇల్లు దొరికింది. కాకపోతే చిన్న గుంపుతో వచ్చే తలనొప్పి కూడా ఉంది. పాతిక మంది అలవాట్లు చూసి రేపు ఏం అడుగుతారో ఊహించడం కష్టం. ఇద్దరు ఊరెళ్తే లెక్కంతా మారిపోతుంది. దానికీ మందు సాయమే: చాలా సెల్స్ తమ అనుభవాన్ని కలిపి నేర్చుకోవాలి.

తాళం పడింది

ఇంత బాగుంటే మరి స్తంభం మీద ఎందుకు రాలేదు? రెండు గోడలు అడ్డం వచ్చాయి.

మొదటి గోడ నెట్‌వర్క్ నిర్మాణంలోనే ఉంది. 4జీలో మీ డేటా బేస్ స్టేషన్ దగ్గర విప్పరు. ఒక సొరంగంలో పెట్టి ఆపరేటర్ కోర్ నెట్‌వర్క్ దాకా తీసుకెళ్తారు. బిల్లు లెక్క, మీరు రోడ్డు మీద వెళ్తుంటే ఒక సెల్ నుంచి ఇంకో సెల్‌కి మార్చడం, ప్రభుత్వ నిఘా నిబంధనలు, అన్నీ దాని చుట్టూ అల్లుకుని ఉన్నాయి. బేస్ స్టేషన్‌కి తన చేతుల మీదుగా వెళ్ళేది వీడియోనో, బ్యాంక్ పేజీనో విప్పి చూసే పనే లేదు. దీన్ని మార్చడానికి 2014 చివర్లో యూరప్ ప్రమాణాల సంస్థ ఎట్సి ఎడ్జ్ కంప్యూటింగ్ మీద ఒక బృందం పెట్టింది. 5జీలో సొరంగం మూతని జనానికి దగ్గర్లో పెట్టుకునే వీలు కూడా ఇచ్చారు. ఈ గోడ కష్టమైనదే, కానీ బద్దలు కొట్టగలిగేదే.

రెండో గోడ వేరు. 2013 జూన్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాలు పత్రికల్లో వచ్చాయి. గూగుల్, యాహూ డేటా సెంటర్ల మధ్య లైన్లను కూడా అమెరికా నిఘా సంస్థ వింటోందని ఆ అక్టోబర్‌లో వార్త వచ్చింది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ 2014 మేలో, ఇలా అందరి మీదా పెట్టే నిఘాని దాడిగానే పరిగణించాలని పత్రం విడుదల చేసింది. వెబ్ మొత్తం హెచ్‌టీటీపీఎస్ తాళం వేసుకోవడం మొదలుపెట్టింది. 2016 నాటికి తమ ట్రాఫిక్‌లో 97 శాతానికి తాళం పడిందని యూట్యూబ్ ప్రకటించింది.

ఇప్పుడు ఆలోచించండి. మధ్యలో ఉన్న పెట్టెకి అన్నీ సీలు వేసిన కవర్లే కనిపిస్తాయి. మీకూ నాకూ వచ్చింది ఒకే ట్రైలర్ అయినా, రెండు కవర్లూ వేరువేరు తాళాలతో వేరువేరుగా ఉంటాయి. ఒకటే అని పోల్చలేనిది దాచుకుని ఏం లాభం? స్క్విడ్ రోజుల్లో మధ్యలో కూర్చుని చూసి దాచుకునే పద్ధతికి అక్కడితో తలుపు దాదాపు మూసుకుపోయింది. పోనీ ఆ స్తంభం పెట్టెకే తాళంచెవి ఇద్దామా అంటే, రాత్రి ఎవరైనా నిచ్చెన వేసుకుని పెట్టె ఊడదీసుకుపోతే తాళంచెవి కూడా పోతుంది.

ఇక్కడ విలన్ ఎవరూ లేరు, అందుకే నాకు ఈ కథ ఇష్టం. దగ్గరగా పెట్టాలన్నవాళ్ళ కోరిక న్యాయమైనది. మధ్యవాళ్ళు చూడకూడదన్నవాళ్ళ కోరికా న్యాయమైనదే. రెండూ ఒకే పెట్టె దగ్గర ఎదురుపడ్డాయి.

గెలిచింది ఎవరు

తాళంచెవి ఎవరి దగ్గర ఉందో వాళ్ళే గెలిచారు. నెట్‌ఫ్లిక్స్ 2012లో ఓపెన్ కనెక్ట్ ప్రకటించింది. తన వీడియోలు నింపిన సర్వర్లను ఇంటర్నెట్ ప్రొవైడర్ల దగ్గర పెడుతుంది, రేపు ఏవి చూస్తారో అంచనా వేసి రద్దీ లేని గంటల్లో నింపుతుంది. గూగుల్‌కీ అలాంటి సర్వర్లే ఉన్నాయి. ఫెమ్టోక్యాషింగ్ పేపర్‌లోని ఆలోచనే కదా ఇది? అవును, కానీ స్తంభం దాకా రాలేదు, ఆపరేటర్ డేటా సెంటర్ గుమ్మం దగ్గర ఆగింది. ఆ గుమ్మం నుంచి వీధి చివర దాకా ఉన్న దారిలో వెయ్యి ట్రిప్పులు అలాగే ఉన్నాయి.

ఆ దారి ఎంత ఇరుకో 2020 మార్చి చివర్లో మనం చూశాం. లాక్‌డౌన్ మొదలవుతుండగా, మన దేశంలో పెద్ద వీడియో కంపెనీలన్నీ కలిసి మొబైల్ నెట్‌వర్క్‌ల మీద హెచ్‌డీ ఆపేసి 480పీ దాటకుండా చూస్తామని నిర్ణయించుకున్నాయి. చిన్న సెల్ ఉంటే గాలి ఇరుకు తీరుతుంది, దాంట్లో క్యాష్ ఉంటే తీగ ఇరుకు తీరుతుంది. మన దగ్గర ఆ రోజు రెండూ సరిపడా లేవు, కాబట్టి అందరం మసక బొమ్మ చూశాం.

దీంట్లో నన్ను ఇబ్బంది పెట్టేది ఇంకొకటుంది. దగ్గర్లో ఏది దాచాలన్న నిర్ణయం పెద్ద కంపెనీలది అయినప్పుడు, వాళ్ళు దాచేది వాళ్ళ సరుకే. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ఒక లెక్చరర్ తన పాఠాలు సొంత చిన్న సర్వర్‌లో పెట్టి ఊరి పిల్లలకి ఇస్తున్నారనుకోండి. ఆ ఊరి సెల్‌కి అదే టాప్ హిట్ కావచ్చు. ప్రపంచం లెక్కలో మాత్రం అది జిఫ్ తోకలో చివరన ఎక్కడో ఉంటుంది, కాబట్టి దూరం నుంచి రావాల్సిందే. వీధి స్థాయి క్యాష్ గొప్పతనం బ్యాండ్‌విడ్త్ ఒక్కటే కాదు. ఆ వీధి ఇష్టాన్ని ఆ వీధి లెక్కలోనే చూడగలగడం కూడా. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా, ఇక్కడ పెరటి చెట్టుని లెక్కపెట్టేవాళ్ళే లేరు.

అలాగని తాళం తీసేయమని నేను అనను. మనం ఏం చూస్తున్నామో వీధి చివర పెట్టెకి తెలియడం నాకూ ఇష్టం లేదు. నేను అనేది ఒక్కటే. ఈ అరవై ఏళ్ళలో ఏది దాచాలి అన్న ప్రశ్నకి జిఫ్, బెలాడీ దారి చూపారు, ఎక్కడ దాచాలి అన్నదానికి ఫెమ్టోక్యాషింగ్ దారి చూపింది. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి అన్నదానికి మాత్రం ఇంకా పెద్ద కంపెనీల జవాబు ఒక్కటే మన ముందు ఉంది. చిన్నవాళ్ళు కూడా తమ సరుకుని, తమ ఇష్టంతో, తమ తాళంతో వీధి పెట్టెలో పెట్టుకునే పద్ధతి రావాలి. 5జీతో పెట్టె దగ్గరికి రాగలదు, డిస్కులు చౌకే. మిగిలింది నమ్మకం, దానికి ఇంతవరకు అల్గారిథమ్ లేదు.

ఇది చూస్తున్నవాళ్ళలో ఈసీఈ, సీఎస్ఈ చదివేవాళ్ళు చాలామంది ఉంటారని నాకు తెలుసు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి టాపిక్ వెతుక్కుంటుంటే, ఇందాకటి రెండు పెట్టెల లెక్కని పైథాన్‌లో రాసి చూడండి. మధ్యలో ఉన్నవాళ్ళ సంఖ్య 10 నుంచి 60కి పెంచుతూ పోతే ఎక్కడ జవాబు తిరగబడుతుందో కనిపెట్టి కామెంట్‌లో పెట్టండి. నేను చూస్తా. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.